హారన్ స్పీకర్లు, ప్లానర్ స్పీకర్లు: ఇంటి శ్రోతకు ఏది?

ఇంట్లో పాటలు వినడానికి వాడే లౌడ్‌స్పీకర్లలో హారన్, ప్లానర్ అనేవి రెండు వేర్వేరు జాతులు. హారన్ స్పీకర్‌లో చిన్న డయాఫ్రం కదిలించిన గాలి, అంతకంతకూ వెడల్పయ్యే గొట్టం గుండా గదిలోకి వస్తుంది. ప్లానర్‌లో గొట్టం ఉండదు, పెట్టె కూడా ఉండదు. తలుపు రెక్కంత చట్రానికి బిగించిన పలచని పొర ముందుకూ వెనక్కూ కదిలి రెండు పక్కలా శబ్దాన్ని వదులుతుంది. దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా ఈ రెండూ కావు, పెట్టెలో బిగించిన కోన్ స్పీకర్లు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ఆ కోన్ స్పీకర్ సిద్ధాంతాన్ని ప్రకటించాక మిగతా పద్ధతులు పక్కకు జరిగాయి. జరిగాయి గానీ పోలేదు. నేటికీ హారన్ కావాలనేవాళ్లు హారనే కావాలంటారు, ప్లానర్ పలక రుచి మరిగినవాళ్లు మళ్లీ పెట్టె జోలికి పోరు.

ఈ రెంటినీ పోల్చే పుస్తకాలు సాధారణంగా కార్పెట్ పరిచిన విశాలమైన విదేశీ గదిని ఊహించుకుని రాసినవి. మన ఇళ్లు అలా ఉండవు. అందుకని ఇక్కడ నిజామాబాద్ జిల్లా ముప్కాల్ లాంటి ఊరిని, అక్కడి స్లాబు ఇంటి హాలును ముందు పెట్టుకుని చూద్దాం. గది తేలితే స్పీకర్ సగం తేలినట్టే.

మైకు అలవాటు చేసిన చెవి

ముప్కాల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూరు దాటి నిర్మల్ వెళ్లే దారిలో ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బాల్కొండ మండలం నుంచి విడివడి మండల కేంద్రమైంది. ఈ ప్రాంతంలో ప్లానర్ స్పీకర్ విన్నవాళ్లు అరుదు. హారన్ వినని మనిషి మాత్రం ఉండడు. తెల్లవారుజామున గుడి మీద నుంచి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, మసీదు అజాన్, గ్రామాభివృద్ధి కమిటీ చాటింపు, బతుకమ్మ తొమ్మిది రోజులూ పాటలు అన్నీ గొట్టం మైకులోంచే వస్తాయి. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఘంటసాల భగవద్గీత వేస్తారు. ఆ గొంతు వినపడగానే ఏ వాడలో, ఎవరు అని ఊరు ఆరా తీస్తుంది.

ఆ మైకును విప్పి చూస్తే హారన్ విద్య సగం తెలిసిపోతుంది. వెనక చివర డ్రైవర్ యూనిట్ అనే బరువైన లోహపు డబ్బా ఉంటుంది. అందులో బలమైన అయస్కాంతం, దాని సందులో సన్నని తీగ చుట్టిన కాయిల్, కాయిల్‌కు అతికించిన గుండ్రని డయాఫ్రం ఉంటాయి. డయాఫ్రం పుట్టించిన శబ్దం నేరుగా బయటికి రాదు. ముందు లోపలి సన్నని గొట్టంలో ముందుకు పోయి, మధ్యలో ఉన్న గంట లాంటి భాగానికి తగిలి వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు మళ్లి బయటి అల్యూమినియం మూతిలోంచి వస్తుంది. అంటే పొడవైన గొట్టాన్ని మడిచి కుదించారన్నమాట. అందుకే మోటర్ సైకిల్ మీద ఒళ్లో పెట్టుకుని తీసుకుపోగల సైజులో ఉంటుంది. మన దగ్గర ఇలాంటి సెట్లకు 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అహూజా పేరే పర్యాయపదమైపోయింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్‌ను ఆటోలో పెట్టి, పైన రెండు హారన్లు కడితే ఎన్నికల ప్రచారం సిద్ధం.

ఇంత చిన్న గొట్టం సుమారు 300 హెర్ట్జ్‌కు దిగువన పెద్దగా పలకదు. పైన ఐదారు వేల హెర్ట్జ్ దాటాక నీరసిస్తుంది. మాట స్పష్టంగా తెలియడానికి ఆ మధ్య భాగం చాలు, టెలిఫోన్ పంపేది దానికంటే తక్కువే. పాటకు మాత్రం అది చాలదు. తబలా డగ్గా గుమకం, తంబురా నాదంలో పై స్వరాల మెరుపు రెండూ పోతాయి. దానికి తోడు ఆంప్లిఫయర్‌ను శక్తికి మించి తిప్పేస్తారు కనుక తరంగం తలలు తెగి గరగర పుడుతుంది. ఫలితంగా హారన్ అంటే చెవులు చిల్లులు పడే వస్తువన్న ముద్ర పడింది. ఆ ముద్ర అన్యాయం. గరగర ఆంప్లిఫయర్ తప్పు, కీచుదనం గొట్టం కురచదనం తప్పు. హారన్ సూత్రంలో ఈ రెండూ లేవు.

గ్రామఫోను నుంచి టాకీ దాకా

కరెంటు లేని రోజుల్లో శబ్దాన్ని పెంచే మార్గం హారన్ ఒక్కటే. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో, బెర్లినర్ గ్రామఫోను 1887లో వచ్చాయి. సూది కదలికను గదంతా వినిపించే పని వాటికి తగిలించిన బూరదే. తెలుగువాళ్లలో ఈ సంగతిని జనంలోకి తీసుకుపోయినవాడు రఘుపతి వెంకయ్య. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టిన ఆయన, 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, బొమ్మకు గ్రామఫోను ప్లేటు జత చేసి ప్రదర్శనలిచ్చాడు. తెలుగు తెర మాట్లాడడానికి ఇరవయ్యేళ్ల ముందు మాట.

విద్యుత్తుతో నడిచే హారన్‌కు నాంది పలికినవాళ్లు పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్. కాలిఫోర్నియాలో వీళ్లు చేసిన మాగ్నవాక్స్ హారన్ 1915 క్రిస్మస్ ముందు రోజున శాన్ ఫ్రాన్సిస్కో సిటీ హాల్ ముందు గుమిగూడిన జనానికి పాటలు వినిపించింది. తర్వాత సినిమా దీన్ని అందుకుంది. 1926లో వచ్చిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555 డ్రైవర్‌కు మనిషి ఎత్తు దాటిన చుట్టల హారన్లు తగిలించి, కొద్ది వాట్లతోనే హాలంతా నింపారు. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి తెర వెనక హారన్ ఉండడం మామూలైపోయింది. టూరింగ్ టాకీసుల కాలంలో ఆట మొదలవబోతోందని చుట్టుపక్కల ఊళ్లకు తెలిపింది కూడా డేరా పైన కట్టిన గొట్టంలోంచి వచ్చే ఘంటసాల భక్తిగీతమే.

థియేటర్ హారన్‌ను ఇంట్లోకి తెచ్చిన ఘనత పాల్ క్లిప్ష్‌ది. అర్కాన్సాస్ రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్లో ఉంటూ, 1946లో ‘క్లిప్ష్‌హార్న్’ అమ్మకం మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ తయారవుతోంది. ఆ స్పీకర్ వెనక ఉన్న ఆలోచన అర్థం కావాలంటే చిన్న లెక్క చూడాలి.

గొట్టం లెక్క

డయాఫ్రం నేరుగా గాలిని తోస్తే చేసిన పనిలో చాలా భాగం వృథా అవుతుంది. బరువైన పొర తేలికైన గాలిని తోయడం ఖాళీలోకి తన్నినట్టుంటుంది. హారన్ సన్నని మొదట్లో గాలికి పట్టు దొరికి ఒత్తిడి పెరుగుతుంది. అక్కడినుంచి గొట్టం నెమ్మదిగా విచ్చుకుంటూ ఆ ఒత్తిడిని గదిలోని గాలికి అప్పగిస్తుంది. 1919లో ఆర్థర్ వెబ్‌స్టర్ దీని గణితం ప్రచురించాడు. లాభం రెండు రకాలు: తక్కువ కరెంటుతో పెద్ద శబ్దం, డయాఫ్రం అతి తక్కువగా కదులుతుంది కాబట్టి తక్కువ వికృతి.

నష్టం ఒకటే గానీ పెద్దది. మూతి చుట్టుకొలత ఇంచుమించు ఒక తరంగ పొడవంత ఉంటేనే హారన్ ఆ స్వరాన్ని హాయిగా వదులుతుంది. 40 హెర్ట్జ్ స్వరం తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు, అంటే మూతి వ్యాసం 2.7 మీటర్లు. మూతే హాలు గోడంత అవుతుంది. క్లిప్ష్ దీనికి గదినే వాడుకున్నాడు. స్పీకర్‌ను మూలలో ఆనిస్తే రెండు గోడలూ నేలా కలిసి హారన్ చివరి భాగంగా పనిచేస్తాయి, మూతి వైశాల్యం ఎనిమిదో వంతు చాలు. క్లిప్ష్‌హార్న్‌కు కంపెనీ చెప్పే సామర్థ్యం ఒక వాటుకు మీటరు దూరంలో 105 డెసిబెల్స్. కానీ మూల లేకపోతే ఆ బాస్ లేదు. గది మూలల్లో ఒకవైపు తలుపు, ఇంకోవైపు బీరువా ఉన్న ఇంటికి ఈ స్పీకర్ సరిపడదు.

చాలామంది ఇంటి హారన్ స్పీకర్లు రాజీ రకానివి. బాస్‌కు మామూలు పెట్టె, పై స్వరాలకు మాత్రం హారన్. సినిమా హాళ్ల కోసం వచ్చిన ఆల్టెక్ లాన్సింగ్ ‘వాయిస్ ఆఫ్ ద థియేటర్’ శ్రేణి స్పీకర్లను ఇళ్లలో పెట్టుకున్నవాళ్లు కోకొల్లలు. 1975 ప్రాంతంలో డాన్ కీలే రూపొందించిన స్థిర దిశా హారన్లు వచ్చాక, స్వరం పెరిగేకొద్దీ శబ్దం సన్నని ధారగా మారే పాత జబ్బు చాలావరకు తగ్గింది.

పలక సంగతి

ప్లానర్లలో మూడు రకాలున్నాయి. ఎలక్ట్రోస్టాటిక్‌లో కొన్ని మైక్రాన్ల మందమైన ప్లాస్టిక్ పొరకు వేల వోల్టుల స్థిర విద్యుత్తు ఎక్కించి, రంధ్రాలున్న రెండు ఫలకాల మధ్య బిగిస్తారు. పాట ఆ ఫలకాలకు అందుతుంది, పొర అటూ ఇటూ లాగబడుతుంది. మాగ్నెటోస్టాటిక్‌లో పొర మీద సన్నని తీగలు అతికించి వరసగా అయస్కాంతాలు పెడతారు. రిబ్బన్ రకంలో పొరే తీగ.

మొదటి రకానికి ప్రమాణం ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ చేసిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్. 1957లో అమ్మకానికి వచ్చింది. దాని బాస్ పొరకు సుమారు ఆరు వేల వోల్టులు, పై స్వరాల పొరకు పదిహేను వందలు. మనిషి గొంతును అంత సహజంగా పలికే స్పీకర్ అప్పటిదాకా లేదని శ్రోతలు అన్నారు. ఏడు దశాబ్దాలకు దగ్గరపడుతున్నా ఆ మాట పూర్తిగా పాతబడలేదు. కారణం సులువు: పొర బరువు దాదాపు గాలి బరువే, అంతటా ఒకేసారి కదులుతుంది, ప్రతిధ్వనించడానికి పెట్టె లేదు. వీణ మీటు ఆగిన చోట శబ్దమూ ఆగుతుంది. అయితే గట్టిగా పెడితే ఫలకాల మధ్య నిప్పురవ్వ పుట్టి పొర పాడవుతుంది, డప్పు దరువు దాని పని కాదు. 1981లో వచ్చిన ఈఎస్ఎల్-63లో వాకర్ ఫలకాన్ని వలయాలుగా విభజించి, మధ్య నుంచి అంచుకు సంకేతాన్ని ఆలస్యంగా పంపి, శబ్దం పలక వెనక ఒక బిందువు నుంచి వస్తున్నట్టు చేశాడు. అది ఇంజనీరింగ్‌లో కవిత్వమంటే నాకు అభ్యంతరం లేదు.

రెండో రకానికి పేరు తెచ్చింది అమెరికాలోని మాగ్నెపాన్. త్రీఎమ్ కంపెనీ ఇంజనీరు జిమ్ వైనీ 1969లో మిన్నెసోటాలో దీన్ని పెట్టాడు. దీనికి గోడ ప్లగ్గు అక్కర్లేదు, ధర కూడా ఎలక్ట్రోస్టాటిక్ కంటే అందుబాటులో ఉంటుంది. మార్టిన్‌లోగన్ వంటి కంపెనీలు పై స్వరాలకు వంపు తిరిగిన ఎలక్ట్రోస్టాటిక్ పొర, బాస్‌కు పెట్టె జతచేసి అమ్ముతాయి.

పలక లోపం దాని గుణంలోనే ఉంది. ముందుకు తోసిన గాలీ వెనక పుట్టిన గాలీ ఒకదానికొకటి వ్యతిరేకం. తరంగం పొడవు పలక వెడల్పు కంటే బాగా పెరిగితే, అంటే బాస్‌లో, రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని కొట్టేసుకుంటాయి. అందుకే ప్లానర్లు అంత పెద్దవిగా ఉంటాయి, అయినా బాస్‌లో పొదుపుగానే ఉంటాయి.

ముప్కాల్ స్లాబు హాల్లో

ఇప్పుడు గదిలోకి వద్దాం. ఈ పక్క కొత్త ఇళ్లలో హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు అనుకుందాం. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. ఒకవైపు దివాన్, ఇంకోవైపు టీవీ, మిగతాదంతా గట్టి ఉపరితలాలే. చప్పట్లు కొడితే టకటకమని వెనక్కి వస్తుంది. ఈ కొలతల గదిలో పొడవు వెంట 40, వెడల్పు వెంట 47, ఎత్తు వెంట 56 హెర్ట్జ్ దగ్గర స్వరాలు ఉబ్బుతాయి. ఆ మూడింటి చుట్టూ బాస్ ఒకచోట గుమ్మని మోగుతుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది.

పాత పెంకుటిళ్లలో ఈ బెడద తక్కువ. మందమైన మట్టిగోడలు, దూలాలు, వాసాలు, పైన గూన పెంకలు శబ్దాన్ని చెదరగొడతాయి, పెంకుల సందుల్లోంచి కొంత బయటికి పోనిస్తాయి. స్లాబు ఇల్లు సౌకర్యం తెచ్చింది గానీ వినికిడికి ద్రోహం చేసిందనే చెప్పాలి.

ఇలాంటి గదిలో మంచి హారన్ ఉపయోగం ఊహించని చోట బయటపడుతుంది. మధ్య, పై స్వరాలను అది తనకు నిర్ణయించిన కోణంలోనే వదులుతుంది. పక్క గోడలకూ స్లాబుకూ తక్కువ తగులుతుంది కాబట్టి మాట స్పష్టత నిలుస్తుంది. ప్లానర్ కూడా పక్కలకు దాదాపు ఏమీ పంపదు, ఎనిమిది అంకె ఆకారంలో ముందుకూ వెనక్కూ మాత్రమే పంపుతుంది. పొడవైన పలక పైకీ కిందికీ కూడా తక్కువే వదులుతుంది. వెడల్పు వెంట వచ్చే గుమ్మును అది పెద్దగా రేపకపోవడం మరో మేలు. అంతవరకు రెండూ సమానమే. తేడా వెనక గోడ దగ్గర వస్తుంది. హారన్ గోడకు ఆనుకుని ఉండగలదు, మూల రకమైతే ఆనుకునే తీరాలి. ప్లానర్‌కు వెనక కనీసం మూడడుగుల ఖాళీ కావాలి, ఆ గోడ కూడా నున్నగా ఉండకూడదు. పద్నాలుగు అడుగుల హాల్లో ముందు మూడడుగులు వదిలి, పలకలు నిలబెట్టి, శ్రోత ఎనిమిదడుగుల దూరంలో కూర్చుంటే ఇక చుట్టాలు వస్తే కూర్చునే చోటు ఉండదు. పిల్లలు ఆడుకునే ఇంట్లో నిలువెత్తు పలక క్షేమంగా ఉంటుందన్న ఆశా వద్దు.

వాట్ల లెక్క కూడా గదికే సంబంధించింది. ప్లానర్ల సామర్థ్యం సాధారణంగా 86 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. 105తో పోలిస్తే తేడా 19 డెసిబెల్స్, శక్తిలో దాదాపు 80 రెట్లు. మామూలు వినికిడికి ప్లానర్‌కు ఒక వాటు సరిపోవచ్చు. కానీ మృదంగం తని ఆవర్తనంలో శబ్దం ఒక్కసారి 20 డెసిబెల్స్ ఎగిస్తే వంద వాట్లు కావాలి. హారన్‌కు అదే ఎగబాకుడికి ఒకటింబావు వాటు చాలు. అందుకే ఎనిమిది వాట్ల 300బీ వాల్వు ఆంప్లిఫయర్లు హారన్ ప్రియుల దగ్గర ఇప్పటికీ బతికున్నాయి. ప్లానర్లకు నాలుగు ఓములు, కొన్ని స్వరాల దగ్గర ఇంకా తక్కువకు కూడా జడవని గట్టి ఆంప్లిఫయర్ కావాలి. స్పీకర్ కొన్నాక ఆంప్లిఫయర్ కోసం మళ్లీ అంత డబ్బు తీయాల్సి రావడం ఇక్కడే.

ఎండ, దుమ్ము, పసుపు

ఆర్మూరు, బాల్కొండ, ముప్కాల్ పసుపు పండే నేల. పంట తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబోసి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టే నెలల్లో గాలిలో పసుపు ధూళి లేచి బీరువా అద్దాల మీద కూడా వాలుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ పలకకు ఇది శత్రువు. వేల వోల్టులు ఎక్కిన పొర దుమ్మును తనంతట తాను పిలుచుకుంటుంది. దుమ్ముకు వానాకాలపు తేమ తోడైతే చార్జి కారిపోయి శబ్దం సన్నగిల్లుతుంది, చిటపటలు మొదలవుతాయి. మాగ్నెటోస్టాటిక్‌కు ఆ బాధ లేదు గానీ, పొర మీద తీగలను పట్టి ఉంచే జిగురు ఏళ్ల తరబడి ఎండకూ తేమకూ ఊడి, తీగ పొరకు తగులుతూ జర్రుమంటుంది. మేలో నలభై అయిదు డిగ్రీలు చేరే జిల్లాలో కిటికీ ఎండ పలక మీద పడనివ్వకూడదు. హారన్‌కు ఇవేవీ పట్టవు. గుడి గోపురం మీద ఎండకూ వానకూ దశాబ్దాలు నిలిచిన గొట్టాలే సాక్ష్యం.

వినే సరుకును బట్టి కూడా తూకం మారుతుంది. ఆకాశవాణి నిజామాబాద్ ఎఫ్ఎం 103.2లో వచ్చే పాట పదిహేను వేల హెర్ట్జ్ దాకా ఉంటుంది. మైకు హారన్‌లో దాని మూడో వంతే దక్కుతుంది, ఇంటి స్పీకర్‌లో మొత్తం దక్కుతుంది. గొంతు, వీణ, వేణువు, నెమ్మదిగా సాగే పాత సినిమా పాటలు మితమైన శబ్దంలో వినేవారికి ప్లానర్‌కు సాటి లేదు. డప్పు, నాదస్వరం, ఒగ్గు కథ, కొత్త సినిమాల బీటు నిజమైన జోరుతో కావాలంటే హారనే. నాదస్వరం తానే ఒక హారన్, దాని ధాటిని మరో హారన్ మాత్రమే తట్టుకుంటుంది. పాత రికార్డుల్లో గరగరను, కొత్త మిక్సింగ్‌లో కీచుదనాన్ని హారన్ దాచిపెట్టదన్న సంగతి కూడా తెలిసి కొనాలి. గల్ఫ్ నుంచి తెచ్చుకున్న టూ ఇన్ వన్ మీద పాటలు విని పెరిగిన తరానికి ఈ నిజాయితీ మొదట్లో మింగుడుపడకపోవచ్చు.

ఏ రకమైనా ముందు గదికి ఖర్చు పెట్టడం తెలివైన పని. నేల మీద జంపఖానా, కిటికీలకు మందమైన తెరలు, శ్రోత వెనక గోడకు పుస్తకాల అల్మారా ఉంటే, వేలు పోసి మార్చిన వైరు కంటే ఎక్కువ తేడా తెలుస్తుంది. హారన్ కొన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఒక్క వాటుతో 105 పలికే పెట్టె ఇంట్లో ఉంటే, కిటికీ తెరిచిన మరుక్షణం పక్కింటివాళ్లకూ కచేరీయే.

మన దేశంలోనే ఈ రెండు జాతుల స్పీకర్లూ తయారయ్యాయి. కొచ్చిలోని రెథ్మ్ వెనక హారన్ జతచేసిన స్పీకర్లకు పేరు తెచ్చుకుంది, పుణెలోని కేడెన్స్ ఎలక్ట్రోస్టాటిక్ పొరకు బాస్ పెట్టె జతచేసిన రకాలు తయారుచేసింది. విదేశీ సరుకు కోసం హైదరాబాద్ దాకా పోయి విని రావాలి. వినకుండా కొనదగిన వస్తువులు కావివి.

మరమ్మతు దగ్గర మాత్రం పోటీయే లేదు. మైకు హారన్ డ్రైవర్ కాలిపోతే దాని డయాఫ్రం విడిగా దొరుకుతుంది. మైకు సెట్లు బాగుచేసే మనిషి మరలు విప్పి, అయస్కాంతం సందులో దుమ్ము టేపుతో తీసి, కొత్తది కూర్చోబెట్టి, వంకర లేకుండా బిగించి ఇచ్చేస్తాడు. ఇంటి హారన్ స్పీకర్ల డ్రైవర్లు కూడా ఇలా విప్పి బాగుచేసుకునే పద్ధతిలోనే చేసినవి, భాగం తెప్పించుకుంటే చాలు. ప్లానర్ పొర చిరిగితే మొత్తం పలక తయారీదారు దగ్గరికి పోవాలి, లేదా అక్కడి నుంచి కొత్త పలక రావాలి. మనిషి ఎత్తున్న సరుకును పగలకుండా పార్శిల్ చేసే ఖర్చు, కొనే రోజునే లెక్కలో వేసుకోవాలి.